తెల్లవారిందని చెప్పేవారు కావాలి

పన్నెండేళ్ళ క్రితం మా మద్రసాలో ఎనిమిదేళ్ళ బాలుడొకడు చేరాడు. హిఫ్జ్ తరగతిలో వాడిని మించినవాడు లేడు. ఒకసారి విన్న పుటను మరునాడు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. కాని పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. వుజూ చేసి రమ్మంటే కొళాయి తిప్పి, నీటిధారను చూస్తూ అరగంట కూర్చునేవాడు. గుమ్మం దగ్గర పిల్లలు విడిచిన చెప్పులన్నింటినీ చిన్నవాటి నుండి పెద్దవాటి దాకా వరుసగా పేర్చేవాడు. ఎవరైనా ఆ వరుస చెరిపితే చెవులు మూసుకుని కేకలు వేసేవాడు. మేము దానిని మొండితనం అనుకున్నాము. మొండితనానికి ఆ రోజుల్లో మాకు తెలిసిన మందు బెత్తం ఒక్కటే. దానిని వాడాము. ఏడాదిన్నర తర్వాత, “మీవాడు ఇక్కడ ఇమడడు, తీసుకువెళ్ళండి” అని తండ్రికి చెప్పి పంపివేశాము. అప్పటికి వాడికి ఆరు పారాలు కంఠస్థమయ్యాయి.

నిరుడు ఒకనాడు ఇషా నమాజు తర్వాత ఆ తండ్రి మళ్ళీ మా వద్దకు వచ్చాడు. గడ్డం పూర్తిగా నెరిసింది. “హజ్రత్, మీ దగ్గర నేర్చుకున్న ఆరు పారాలు వాడు ఇప్పటికీ మరచిపోలేదు. ఇప్పుడు ఇరవయ్యేళ్ళు. నేనూ వాళ్ళమ్మా పోయాక వాడికి అన్నం ఎవరు పెడతారన్నది ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. పొద్దున్నే లేచి వాడు ఎక్కడికి వెళ్ళాలి?” అన్నాడు.

ఆ చివరి ప్రశ్న మాకు నిద్ర పట్టనివ్వలేదు. ఈ వ్యాసం అందుకే.

ఆ బాలుడికి ఉన్నది ఆటిజం. అది పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. దిష్టి కాదు, జిన్ను కాదు, తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం చూసినందువల్ల వచ్చినదీ కాదు. బిడ్డ కోసం దుఆ చేయడం, ఖుర్ఆన్ పఠించి ఊదడం తల్లిదండ్రుల హక్కు, ఎవరూ కాదనరు. కాని ఈ కుటుంబం పదేళ్ళలో తాయెత్తులకూ ఆమిళ్ళకూ పోసిన సొమ్ము లెక్క విన్నప్పుడు మాకు సిగ్గు వేసింది. వారిని ఆ దారి పట్టించిన వారిలో మావంటి గడ్డాలవాళ్ళే ఎక్కువ మంది ఉన్నారు.

ఆ తండ్రి బావమరిది ఒకాయన అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటున్నాడు. మన తెలుగువారు ఎందరో స్థిరపడిన ప్రాంతం అది. పీటర్ గెర్‌హార్ట్ అనే ప్రవర్తనా విశ్లేషకుని ప్రసంగాలు కొన్ని ఆయన ఫోనుకు పంపాడు. ఆంగ్లం మాకు అంతంత మాత్రమే. మా మేనల్లుడు పక్కన కూర్చుని తెలుగులో చెబుతుండగా నాలుగు రాత్రులు వాటిని విన్నాము. చదువు చెప్పడమే వృత్తిగా ముప్పై ఏళ్ళు గడిపిన మేము చదువు గురించి కొత్తగా నేర్చుకున్న రాత్రులవి.

గెర్‌హార్ట్ రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందినవారు. న్యూజెర్సీలోని పెరామస్ పట్టణంలో ఆటిజం గల విద్యార్థుల కోసం నడిచే ఎపిక్ స్కూలుకు నాయకత్వం వహించారు. ఆటిజం పరిశోధన కోసం ఏర్పడిన ఒక జాతీయ సంస్థలో శాస్త్రమండలికి తొలి అధ్యక్షులుగా పనిచేశారు. ఈ రంగంలో ఎక్కువమంది దృష్టి మూడేళ్ళ, నాలుగేళ్ళ పసిపిల్లల మీదే ఉంటుంది. ఆయన తన జీవితంలో అధికభాగాన్ని మీసాలు మొలుస్తున్న పిల్లలకూ, పెద్దవారికీ, వారి ఉపాధికీ అంకితం చేశారు. పసిబిడ్డ మీద జాలిపడే లోకం, అదే బిడ్డ ఆరడుగుల యువకుడైతే భయపడి పక్కకు తప్పుకుంటుంది. ఆయన పనిచేసింది ఆ తప్పుకునే చోటనే.

అమెరికాలో వికలాంగులైన పిల్లలందరికీ ఉచిత విద్య ఇవ్వాలని 1975లో చట్టం వచ్చింది. 1990లో అందులో ఆటిజాన్ని ప్రత్యేకంగా చేర్చారు. విద్యార్థికి పదహారేళ్ళు వచ్చేసరికి, బడి ముగిశాక ఏం చేయబోతున్నాడన్న ప్రణాళిక సిద్ధంగా ఉండాలన్నది ఆ చట్టంలోని నియమం. కాని ఆ హక్కు చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్ళ వయసుతో ముగిసిపోతుంది. ఆ మరునాటి నుండి బడి బస్సు ఇంటి ముందు ఆగదు. సంపన్న దేశంలోనూ ఆ ఉదయాన తల్లిదండ్రులు అడిగేది మన తండ్రి అడిగిన ప్రశ్నే.

ఇంతకూ ప్రవర్తనా విశ్లేషకుడు చేసే పనేమిటి? మనిషి చేసే ప్రతి పనికీ ముందొక సందర్భం, వెనుకొక ఫలితం ఉంటాయి. ఆ రెండింటినీ ఓపికగా గమనించి, రాసుకుని, వాటిని మార్చడం ద్వారా కొత్త నేర్పును అలవరచడమే ఆ శాస్త్రం. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. ప్రతి మెట్టు దగ్గరా అవసరమైనంత ఊత ఇస్తారు. మొదట చేయి పట్టి చేయించడం, తర్వాత వేలితో చూపడం, ఆ తర్వాత బొమ్మ, చివరకు ఏమీ లేకుండా. ఊతను ఎప్పుడు తీసివేయాలో తెలియడమే అసలు విద్య. ఆలస్యం చేస్తే పిల్లవాడు ఊత కోసమే ఎదురుచూస్తాడు, తొందరపడితే పడిపోతాడు. హిఫ్జ్ చెప్పే ఉస్తాదులకు ఇది కొత్తగా అనిపించదు. ఆయతు మధ్యలో ఆగిన పిల్లవాడికి మొదటి మాట అందించాలా, మొదటి అక్షరం చాలా, లేక మౌనంగా వేచి ఉండాలా అని మేము రోజూ తేల్చుకుంటూనే ఉంటాము. తేడా ఏమిటంటే వారు లెక్క రాస్తారు, మేము రాయము.

ఈ రంగంలో 1970ల నుండి ఒక ప్రశ్న వాడుకలో ఉంది. ఏది నేర్పాలో తేల్చుకోవడానికి అది గీటురాయి. ఈ పని ఇతడు నేర్చుకోకపోతే ఇతని బదులు మరొకరు చేయవలసి వస్తుందా? వస్తుందంటే ముందు దానినే నేర్పాలి. రంగుల పూసలు దారానికి ఎక్కించడం రాకపోతే లోకంలో ఎవరికీ లోటు లేదు. బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టడం, మరుగుదొడ్డి తలుపు గడియ పెట్టుకోవడం రాకపోతే బతికినంతకాలం మరొకరు వెంట ఉండాలి. పదిహేడేళ్ళ యువకుడి చేత ఇంకా పూసలు గుచ్చిస్తున్న బడులు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి.

గెర్‌హార్ట్ ప్రసంగాల్లో మమ్మల్ని ఆపివేసిన భాగం ఒకటుంది. ఉద్యోగం పోయేది చాలాసార్లు పని రానందువల్ల కాదని ఆయన అంటారు. పని చుట్టూ ఉండే పది విషయాలు రానందువల్ల పోతుంది. ఉదాహరణకు పురుషుల మూత్రశాలలో ఎక్కడ నిలబడాలి, పక్కవారి వైపు చూడకూడదు, మాట్లాడకూడదు వంటి నియమాలు. అవి ఏ పుస్తకంలోనూ ఉండవు, మనకెవరూ నేర్పలేదు, అయినా మనకు తెలుసు. ఆటిజం గల యువకునికి ఎవరో ఒకరు నేర్పితేనే తెలుస్తాయి. నేర్పడానికి తండ్రి మొహమాటపడతాడు, టీచరు సిలబస్‌లో లేదంటుంది. ఒకనాడు ఆ కుర్రవాడు తెలియక తప్పు చేస్తాడు. ఉద్యోగం పోవడమే కాదు, పోలీసులు రావచ్చు. ఇది విన్నప్పుడు మాకు ఫిఖ్హ్ గ్రంథాలు గుర్తుకు వచ్చాయి. తహారత్ అధ్యాయంతో ప్రారంభమయ్యే ఆ గ్రంథాలను పదేళ్ళ పిల్లలకు బోధిస్తూ, మరుగుదొడ్డి మర్యాదలను ఏ మొహమాటమూ లేకుండా వివరించే మేము, ఈ ఒక్క పిల్లవాడికి మాత్రం వాటిని మెట్టుమెట్టుగా చేసి చూపలేదు.

ఈ శ్రమ ఫలిస్తుందా అని అడిగేవారికి ఒక లెక్క చెబుతాము. సిన్సినాటి నగరంలోని పిల్లల ఆసుపత్రిలో అత్యవసర విభాగాన్ని నడిపే ఎరిన్ రీల్ అనే నర్సు, సామాగ్రి సర్దే ఉద్యోగాల్లో ఎవరూ నిలవడం లేదని విసిగి, ఆ పనికి వైకల్యం గల యువతను తీసుకోవచ్చు కదా అని 1996లో మొదలుపెట్టిన పథకం ప్రాజెక్ట్ సెర్చ్. బడిలో చివరి ఏడాదిని తరగతి గదిలో కాక ఆసుపత్రి విభాగాల్లో పనిచేస్తూ గడపడం దాని పద్ధతి. వర్జీనియాలో పాల్ వేమన్ అనే ఆచార్యులు, వారి బృందం దీనికి ప్రవర్తనా విశ్లేషణ పద్ధతిలో నిరంతర శిక్షణను జోడించి, ఆటిజం గల 18 నుండి 21 ఏళ్ళ యువతపై పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఆ శిక్షణ పొందిన 24 మందిలో 21 మందికి ఉద్యోగాలు వచ్చాయి. మామూలు బడిలోనే ఉన్న 16 మందిలో వచ్చింది ఒక్కరికే. అధ్యయనం చిన్నది, దాని మీద పెద్ద కోటలు కట్టలేము. అయినా ఆ 21 మంది జాలి ఉద్యోగాలు చేయలేదు. వారానికి 20 నుండి 40 గంటలు, కనీస వేతనానికి మించిన జీతంతో పనిచేశారు.

ఇక్కడ మరో మాట దాచకూడదు. ఈ శాస్త్రానికి చీకటి గతం ఉంది. 1960లలో, ఆ తర్వాతా కాలిఫోర్నియాలో ఈవార్ లోవాస్ వంటివారు పిల్లల మీద చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా ప్రయోగించారు. ఆ శిక్షణలు పొంది పెద్దవారైన ఆటిజం వ్యక్తులు ఇప్పుడు నోరు తెరిచి, మమ్మల్ని మనుషులుగా కాక సరిచేయవలసిన యంత్రాలుగా చూశారని చెబుతున్నారు. ఎవరికీ హాని చేయని చేతుల ఊపును సైతం ఎందుకు ఆపించారని నిలదీస్తున్నారు. ఆ నిలదీత న్యాయమైనది. బెత్తం పట్టిన చేతులతో మేము వారిని విమర్శించబోవడం లేదు. నమాజులో తుమ్మినవాడికి బదులుగా పైకి దుఆ పలికిన ముఆవియా బిన్ హకమ్ (రజి) వృత్తాంతాన్ని మేము ఎన్ని తరగతుల్లో చెప్పామో లెక్క లేదు. చుట్టూ ఉన్నవారు గుడ్లురిమి, తొడలు చరిచి ఆయనను కంగారుపెట్టారు. దైవప్రవక్త (స) మాత్రం కసరలేదు, కొట్టలేదు, నమాజు అయ్యాక నమాజులో ఏ మాట తగునో ఏది తగదో నేర్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మధ్యాహ్నం బోధించి సాయంత్రం బెత్తం తీసినవారము మేము.

మన సమాజంలో ఒక అపార్థం పాతుకుపోయింది. బుద్ధిమాంద్యం గలవాడికి మతపరమైన బాధ్యతలు లేవు, కలం అతని నుండి ఎత్తివేయబడింది, కనుక అతనికి ఏమీ నేర్పనవసరం లేదు అంటారు. మొదటి సంగతి, ఆటిజం గల వారందరికీ బుద్ధిమాంద్యం ఉండదు. రెండవది, కలం ఎత్తబడింది అతని లెక్క నుండి, మన లెక్క నుండి కాదు. నిసా సూరా ప్రారంభంలో అవివేకుల సంరక్షణ గురించి, అనాథలను పరీక్షిస్తూ వివేకం కనబడినప్పుడు వారి సొమ్ము వారికి అప్పగించడం గురించి ఆదేశాలు పక్కపక్కనే ఉన్నాయి. పరీక్షించడమంటే పని అప్పగించి చూడడమే. పని ఇవ్వకుండానే చేతకాదని తేల్చడం ఏ న్యాయం?

అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన ప్రస్తావన రాగానే మన ప్రసంగాలన్నీ అబస సూరా దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. ఆయన ఉద్యోగం సంగతి మనకు పట్టదు. ఆయన మస్జిదె నబవీలో ముఅజ్జిన్. ఫజ్ర్ వేళ అయిందీ లేనిదీ కంటితో చూసి తెలుసుకోవలసిన పని అది. చూపు లేనివానికి ఎలా ఇచ్చారు? బుఖారీలో ఉన్న సమాధానం ఇది: తెల్లవారింది, తెల్లవారింది అని జనం చెప్పేదాకా ఆయన అజాన్ ఇచ్చేవారు కాదు. ఆయన చేయలేనిది ఒకే ఒక్క మెట్టు. ఆ మెట్టుకు పక్కవారి ఊత ఏర్పాటయింది. మిగతా పనంతా ఆయనదే, ఆ గౌరవమూ ఆయనదే. ప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు మదీనా బాధ్యతను పలుమార్లు ఆయనకే అప్పగించి వెళ్ళారు. గెర్‌హార్ట్ వంటివారు నలభై ఏళ్ళుగా యజమానులకు నచ్చజెబుతున్నది ఇదే. మొత్తం పని నుండి మనిషిని తప్పించకండి, అతనికి అందని ఆ ఒక్క మెట్టు ఏదో కనిపెట్టండి.

మన దేశంలో ఏమున్నదో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషను ఉండగా, అందులో ఒక శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత తదితర వర్గాలన్నీ పంచుకోవాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, 18 ఏళ్ళు దాటిన బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకుని జిల్లా స్థాయి కమిటీ ద్వారా నియమింపజేసుకోవచ్చు. నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ మనకు అందుబాటులోనే ఉంది. ఆటిజాన్ని కొలవడానికి దేశమంతటా వాడే కొలమానం రూపొందింది అక్కడే. మా జిల్లా నుండి ఆ తండ్రీకొడుకులతో కలిసి మేమూ అక్కడికి వెళ్ళాము. ఆ సంస్థ ఉన్నట్టే ఇరవయ్యేళ్ళుగా తండ్రికి ఎవరూ చెప్పలేదు.

తిరిగి వచ్చాక పని వెతికాము. చెప్పులు వరుసగా పేర్చిన బాలుడు గుర్తున్నాడు కదా. ఆ వరుసే ఇప్పుడు అతనికి అక్కరకు వచ్చింది. మా మస్జిదు కమిటీలోని ఒక పెద్దమనిషికి మందుల హోల్‌సేల్ దుకాణం ఉంది. వచ్చిన పెట్టెలను గడువు తేదీల ప్రకారం సర్దడం, గడువు దగ్గరపడినవాటిని ముందు వరుసకు తేవడం అక్కడ ఎవరికీ ఇష్టం లేని పని. ఆ పనిని తొమ్మిది మెట్లుగా రాసి గోడకు అంటించాము. సర్దడం అతనికి నాలుగు రోజుల్లో వచ్చేసింది. మొదటి వారంలోనే, దుకాణంలో పదేళ్ళుగా పనిచేస్తున్న కుర్రవాడు వదిలేసిన పదకొండు గడువు తీరిన పెట్టెలను బయటికి తీశాడు.

కష్టమంతా తక్కిన వాటితోనే. అతనికి అత్తరు వాసన ప్రాణం. ఎవరు దుకాణంలోకి వచ్చినా దగ్గరకు వెళ్ళి చొక్కా వాసన చూసేవాడు. ఒక ఆడమనిషి భయపడి అరిచింది. యజమాని మాకు ఫోను చేసి, “మౌలానా సాబ్, ఇక నావల్ల కాదు” అన్నాడు. పాత మేమైతే బెత్తం తీసేవారము, లేదా తీసుకువెళ్ళండి అనేవారము. ఈసారి మూడు రోజులు దుకాణంలో ఒక మూల కూర్చుని, ఎప్పుడు ఎందుకు లేస్తున్నాడో కాగితం మీద రాశాము. పని అయిపోయి చేతులు ఖాళీ అయినప్పుడే లేస్తున్నాడు. అతని జేబులో చిన్న అత్తరు సీసా పెట్టాము, వాసన కావాలంటే అది చూసుకోవచ్చు. మనిషికీ మనిషికీ మధ్య చేయిచాపు దూరం ఉండాలని నేల మీద గీత గీసి రోజూ సాధన చేయించాము. రెండు నెలలకు ఆ చిక్కు తీరింది. ఇందులో మా తెలివేమీ లేదు, విన్న ప్రసంగాల పుణ్యం.

జీతం దగ్గర మరో చిక్కు వచ్చింది. యజమాని మంచివాడే. నెలాఖరున కొంత సొమ్ము ఇచ్చి, దీనిని ఈ ఏటి జకాతులో లెక్కవేసుకుంటానని మాతో అన్నాడు. కుదరదన్నాము. పని చేయించుకుని ఇచ్చేది కూలి, జకాతు కాదు. అలా లెక్కవేస్తే కూలీ ఎగ్గొట్టినట్టే, జకాతూ చెల్లనట్టే. పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రత్యర్థి అవుతాడన్న హెచ్చరికను ఆయనకు గుర్తుచేశాము. ఆయన కొంతసేపు మౌనంగా కూర్చుని, మిగతా కుర్రవాళ్ళకు ఇస్తున్న గంటల లెక్కనే ఇతనికీ కట్టాడు. ఈ వ్యవహారం రెండు వారాలు సాగింది. మా మధ్య మాటలు కూడా కాస్త పెరిగాయి.

ఇప్పుడు అతడు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళి ఒంటిగంటకు వస్తాడు. తల్లిదండ్రులు పోయాక ఎవరన్న ప్రశ్న తీరలేదు. సంరక్షకునిగా మేనమామ పేరు మీద దరఖాస్తు పెట్టారు. గోడ మీది కాగితంలో తొమ్మిది మెట్లకు ఎదురుగా రోజూ గుర్తులు పెడుతున్నాము. ఏడింటికి ఊత తీసివేశాము. ఎనిమిదవది, ఖాళీ పెట్టెలను మడిచి మూలన పెట్టడం, వారంలో రెండు రోజులు తప్పుతోంది. తొమ్మిదవది, పని అయిపోగానే యజమాని దగ్గరకు వెళ్ళి “అయిపోయింది చాచా, ఇంకేం చేయాలి?” అని అడగడం. అది ఇంకా రాలేదు. పక్కన పనిచేసే కుర్రవాడు రోజూ అతని భుజం మీద రెండుసార్లు తట్టి గుర్తుచేస్తున్నాడు.